ధాన్యపు పంటల్లో జీవన ఎరువులు: అపోహలు – వాస్తవాలు

అపోహ: జీవన ఎరువు (పైరుకు మేలుచేసే సూక్ష్మజీవులున్న ఎరువు) వేస్తే యూరియా పూర్తిగా మానేయవచ్చు.

రైతులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. లెక్క చూద్దాం. టన్ను ధాన్యానికి వరి పైరు సుమారు 15 నుంచి 20 కిలోల నత్రజని తీసుకుంటుంది. హెక్టారుకు 5 టన్నులు పండాలంటే 75 నుంచి 100 కిలోలు కావాలి. జీవన ఎరువుగా వాడే అజోస్పైరిల్లమ్ అనే బాక్టీరియా గాలి నుంచి పట్టి ఇచ్చే నత్రజని, అన్నీ కలిసొచ్చినా, 20 కిలోలకు అటూ ఇటూ. మిగిలింది నేల, పశువుల ఎరువు, యూరియా ఇవ్వాల్సిందే. భూసార పరీక్ష చేయించి, సిఫారసు నత్రజనిలో నాలుగో వంతు వరకు తగ్గించి చూడమంటాను. అంతకు మించి తగ్గించమని మాత్రం చెప్పను.

నిజానికి అజోస్పైరిల్లమ్ మేలు చాలావరకు వేర్ల దగ్గరే ఉంది. ఇది విడుదల చేసే ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోను వల్ల పిల్లవేర్లు, నూగువేర్లు పెరిగి, మనం వేసిన ఎరువునూ నీటినీ పైరు ఎక్కువగా అందుకుంటుంది.

అపోహ: రైజోబియం అన్ని పంటలకూ పనికొస్తుంది.

లేదు. ఈ బాక్టీరియా వేరు బుడిపెల్లో ఉండి నత్రజని పట్టి ఇస్తుంది. వరి, గోధుమ, మొక్కజొన్న వేర్లకు ఆ బుడిపెలు రావు. అది పప్పుజాతి పంటలకే. ధాన్యపు పంటలకు అజోస్పైరిల్లమ్, అజటోబాక్టర్ అనే బాక్టీరియాలు వాడాలి. నీరు నిలిచే వరికైతే అజొల్లా అనే నీటిలో తేలే మొక్క, నీలి ఆకుపచ్చ నాచు కూడా.

అపోహ: ఫాస్ఫోబాక్టీరియా నేలకు భాస్వరం ఇస్తుంది.

కొత్తగా ఏమీ ఇవ్వదు. నేలలో బిగుసుకుపోయిన భాస్వరాన్ని సేంద్రియ ఆమ్లాలతో కరిగిస్తుంది, అంతే. మైకోరైజా శిలీంధ్రం సంగతి వేరు: దాని పోగులు వేరు చేరలేని చోటి నుంచి భాస్వరాన్ని తెస్తాయి. జొన్న, మొక్కజొన్నలకు మంచిది. నీరు నిలిచిన వరిలో, భాస్వరం దండిగా ఉన్న నేలలో దాని మీద డబ్బు పెట్టడం దండగ.

అపోహ: వాడి చూశాను, పనిచేయలేదు, కాబట్టి ఇదంతా మోసం.

నాసిరకం సరుకు ఉన్న మాట నిజమే. కానీ చాలాసార్లు మంచి సరుకులోని సూక్ష్మజీవులు కూడా వేరును చేరకముందే చనిపోతాయి. ఎండలో ఉంచిన ప్యాకెట్, గడువు దాటిన సీసా, యూరియాతో కలిపి చల్లడం, పొడి నేలలో వేయడం, ఇవన్నీ వాటిని చంపేవే. విత్తనశుద్ధిలో వరుస ముఖ్యం: ముందు శిలీంధ్రనాశిని, తర్వాత కీటకనాశిని, చివర జీవన ఎరువు. విత్తనాన్ని నీడలో ఆరబెట్టి వెంటనే విత్తాలి. పొలంలో వేసేటప్పుడు బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, తేమ ఉన్నప్పుడు సాయంత్రం చల్లండి. సేంద్రియ పదార్థం లేని నేలలో వాటికి తిండి ఉండదు.

యూరియా వేసినట్టు వారంలో ఆకు ముదురు ఆకుపచ్చగా మారుతుందని ఎదురుచూడకండి. ఒక మడిలో జీవన ఎరువు వేయకుండా వదిలి, మిగతా యాజమాన్యం ఒకేలా చేసి, కోతప్పుడు రెండు మడుల ధాన్యాన్నీ విడివిడిగా తూచండి.