గుడిసె గుర్తు పార్టీ ఏమైంది?

ఒంగోలు కలెక్టరేటు పేరు ప్రకాశం భవనం. జిల్లా పేరూ ఆయనదే. కానీ టంగుటూరి ప్రకాశం పంతులు కాంగ్రెస్‌ను కాదని సొంత పార్టీ పెట్టారని ఈ జిల్లాలో ఎంతమందికి గుర్తుంది?

1946లో మద్రాసు రాష్ట్ర పగ్గాలు పట్టిన పంతుల్ని ఏడాది తిరగకముందే సొంతవాళ్లే దించేశారు. 1951లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవి సంజీవరెడ్డికి దక్కాక, ఓడిన ఎన్.జి.రంగా, పంతులు కలిసి బయటికొచ్చారు. ఆ జోడీ ఎక్కువకాలం నిలవలేదు. రంగా కృషికార్ లోక్ పార్టీ పెట్టుకున్నారు. పంతులు తన ప్రజా పార్టీని జాతీయ నాయకుడు కృపలానీ గారి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో కలిపారు. దాని గుర్తు గుడిసె.

1952లో ఓటుకాగితం మీద ముద్ర వేసే పని లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. అక్షరం రాని కూలీ తెర వెనక్కి వెళ్లి, గుడిసె బొమ్మ ఉన్న పెట్టెలో కాగితం వేసి వచ్చేవాడు. తనుండేదీ గుడిసెలోనే కదా, ఆ బొమ్మ ఎవరూ చదివిపెట్టక్కర్లేదు. 375 స్థానాల్లో కాంగ్రెస్‌కు 152 వచ్చాయి, ఈ పార్టీకి 35. కమ్యూనిస్టులతో కలిసి ఫ్రంట్ కట్టి, మెజారిటీ ఉంది, మమ్మల్ని పిలవండి అన్నారు పంతులు. గవర్నర్ మాత్రం కాంగ్రెస్ నాయకుడు రాజాజీని పిలిచారు. అది ఓటరుకు జరిగిన అన్యాయమే అంటాను.

అసలు దెబ్బ మాత్రం ఆ తర్వాత తగిలింది. పొట్టి శ్రీరాములు ఆత్మార్పణతో 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. అప్పటికి గుడిసె గుర్తు పార్టీ సోషలిస్టులతో కలిసి ప్రజా సోషలిస్టు పార్టీ (పీఎస్పీ) అయింది. పంతులు దాన్ని వదిలి, కాంగ్రెస్ మద్దతుతో ముఖ్యమంత్రి అయ్యారు. గుడిసె గుర్తు పీఎస్పీకే ఉండిపోయింది. కాంగ్రెస్ వద్దని గుడిసెకు ఓటేసినవాడికి ఇప్పుడు ఏం చెప్పాలి? ఊళ్లలో కమిటీలు గట్టిగా ఉంటే ఎవరైనా సర్దిచెప్పేవారేమో. ఉన్న బలమంతా పంతులు మీద జనానికున్న నమ్మకమే.

1954 నవంబరులో మద్యనిషేధం గొడవ మీద ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. 1955లో పంతులు వర్గం మళ్లీ ప్రజా పార్టీ పేరుతో కాంగ్రెస్ కూటమిలో నిలబడింది. 196 స్థానాల్లో 146 కూటమికే వచ్చాయి. కుర్చీ నెల్లూరు నాయకుడు బెజవాడ గోపాలరెడ్డికి దక్కింది. ప్రజా పార్టీ పేరు ఆ తర్వాత వినపడలేదు.

పంతులు తిరగడం మాత్రం మానలేదు. ఎనభై నాలుగేళ్ల వయసులో, నడి వేసవిలో, ఒంగోలు దగ్గర హరిజనవాడల్లో తిరుగుతుండగా వడదెబ్బ తగిలింది. 1957 మే 20న హైదరాబాదు ఆస్పత్రిలో కన్నుమూశారు.