చెరువు గట్టు కెమెరా నుంచి ఇంట్లో రూటర్ దాకా: అపోహలు - వాస్తవాలు

భీమవరం చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్లకీ రొయ్యల చెరువులకీ కెమెరాలు, వైఫై, మోటారు కంట్రోలర్లు పెట్టడం నా పని. ఖాళీ దొరికితే ఈఎస్‌పీ32 బోర్డులు (వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డులు) ముందేసుకుని ఏదో ఒకటి తయారుచేస్తూ ఉంటాను. వెళ్లిన ప్రతిచోటా కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వింటున్నాను. వాటిని నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్లని చూశాను, ఒకరిద్దరు పంటే పోగొట్టుకున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "మా చెరువు కెమెరాతో ఎవడికి పనండీ? అందులో చూడ్డానికి ఏముంది?"

చూడ్డానికి ఎవడూ రాడు, నిజమే. హ్యాకర్లకి కావలసింది బొమ్మ కాదు, ఆ కెమెరా లోపలున్న చిన్న కంప్యూటరూ దానికున్న నెట్టూ. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (పరికరాల్లోకి చొరబడే చెడ్డ ప్రోగ్రామ్) చేసింది అదే. ఇంటర్నెట్‌లో ఏ చిరునామా తగిలితే దాన్ని తట్టి చూసి, ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జంటలు ఓ అరవై ఉన్న పట్టీలోంచి ఒక్కొక్కటీ వేసి చూస్తూ లక్షల కెమెరాలనీ రూటర్లనీ డీవీఆర్‌లనీ (కెమెరా వీడియో రికార్డు చేసే డబ్బాలనీ) పట్టేసుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న అలా పట్టిన పరికరాలని డైన్ అనే డీఎన్ఎస్ కంపెనీ (వెబ్‌సైటు పేరుని దాని ఇంటర్నెట్ చిరునామాగా మార్చి చెప్పేది) మీదకి వదిలితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. ఇక వెతకడం అంటారా, 2013లోనే మిచిగన్ యూనివర్సిటీ వాళ్లు జెడ్‌మ్యాప్ అనే ప్రోగ్రామ్ రాసి, గిగాబిట్ లైనున్న ఒక్క మామూలు కంప్యూటర్‌తో ఐపీవీ4 అనే పాత రకం ఇంటర్నెట్ చిరునామాలన్నిటినీ 45 నిమిషాల్లోపు తట్టి రావచ్చని చూపించారు. అలాంటి ప్రోగ్రామ్‌కి ఆకివీడైనా న్యూయార్క్ అయినా ఒకటే.

కాబట్టి కెమెరా బిగించిన రోజే పాస్‌వర్డ్ మార్చండి. రూటర్లో యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తామే బయటి నెట్‌కి దారి తెరుచుకునే సౌకర్యం) ఆపేయండి, పాత పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటినుంచి లోపలి పరికరానికి మనం తెరిచిన దారి) ఏమైనా మిగిలి ఉంటే తీసేయండి. కెమెరాలనీ స్మార్ట్ ప్లగ్గులనీ గెస్ట్ వైఫైలో పెట్టండి, బ్యాంకు యాప్ ఉన్న ఫోనూ అవీ ఒకే నెట్‌వర్క్‌లో ఉండక్కర్లేదు.

అపోహ: "మా వైఫై పాస్‌వర్డ్ నాన్న ఫోన్ నంబరండీ, పది అంకెలు, ఎవరు కనిపెడతారు?"

ఇది వింటే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది, ఎందుకంటే మా వైపు సగం ఇళ్లలో ఇదే. డబ్ల్యూపీఏ2 (చాలా రూటర్లలో ఉండే వైఫై భద్రతా పద్ధతి) వైఫైలో మీ ఫోన్ కనెక్ట్ అయ్యేటప్పుడు జరిగే పలకరింపుని ఎవరైనా వీధిలో నిలబడి రికార్డు చేసుకుని ఇంటికి పట్టుకుపోతే చాలు, తర్వాత పాస్‌వర్డులు వేసి చూడటమంతా వాళ్ల కంప్యూటర్లోనే జరుగుతుంది, మీ రూటర్‌కి తెలియను కూడా తెలియదు. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి, అంటే మొత్తం 400 కోట్లు. మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకి పది లక్షలకు పైగా వేసి చూడగలదు. లెక్క కట్టండి, గంటా పది నిమిషాల్లోపే అన్నీ అయిపోతాయి. దానికి బదులు ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాయండి, ఇంట్లో పెద్దవాళ్లకి కూడా గుర్తుంటాయి. రూటర్లో దాని తర్వాత వచ్చిన డబ్ల్యూపీఏ3 ఉంటే అది ఆన్ చేయండి, ఇలా ఇంటికి పట్టుకుపోయి ఊహించే పని దాంట్లో కుదరదు.

వైఫై పేరు దాచేస్తే ఎవరికీ కనబడదు అనేది కూడా ఇలాంటిదే. మీ ఫోన్ కనెక్ట్ అయ్యేటప్పుడు ఆ పేరుని గాల్లోకి చెబుతుంది, వినేవాడికి వినబడుతుంది. దానివల్ల మీకు ఇబ్బందే తప్ప రక్షణ లేదు.

అపోహ: "రిలే మీద 10 ఆంపియర్లు అని రాసుంది కదా, ఒక హెచ్‌పీ మోటారుకి సరిపోతుంది."

రిలే అంటే బోర్డు చెప్పినట్టు కరెంటు వేసి ఆపే చిన్న స్విచ్. దాని మీది పది ఆంపియర్లు బల్బూ హీటరూ లాంటి లోడుకి రాసినవి. ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు తిరుగుతున్నప్పుడు ఐదారు ఆంపియర్లే తీసుకున్నా, స్టార్ట్ అయ్యే ఆ క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. పాలకొల్లు దగ్గర మా మేనమామ గారి కొబ్బరితోటలో నేనే ఈ తప్పు చేశాను. కొన్ని వారాలు బాగానే నడిచింది. ఒక రాత్రి ఫోన్లో ఆఫ్ అని చూపించింది గానీ, రిలే లోపల కాంటాక్టులు అతుక్కుపోయి మోటారు తిరుగుతూనే ఉంది. గుంటలో నీళ్లు అయిపోయి ఉత్తినే తిరిగి తిరిగి తెల్లారేసరికి వైండింగ్ కాలిపోయింది. రీవైండింగ్ డబ్బులు నేనే ఇచ్చాను. అప్పటినుంచీ నా రిలే కాంటాక్టర్ (మోటార్లకి వాడే పెద్ద స్విచ్) కాయిల్‌ని మాత్రమే వేస్తుంది, కాంటాక్టర్ మోటారుని వేస్తుంది, మధ్యలో ఓవర్‌లోడ్ రిలే (మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసేది) తప్పనిసరి. 230 వోల్టుల వైపు పని మీకు చేయి తిరిగింది కాకపోతే ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకునే చేయండి.

అపోహ: "ఏరేటర్లు ఫోన్‌తో ఆన్ చేసుకోవచ్చు, రాత్రి గట్టు మీద మనిషి అక్కర్లేదు."

దీని దగ్గర కొంచెం ఆగి చదవండి. ఏరేటర్ అంటే చెరువు నీళ్లలోకి గాలి కలిపే యంత్రం. పగలు నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదీ రొయ్యలూ కలిసి వాడుకుంటాయి, అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. సరిగ్గా అప్పుడే నెట్ పోయిందనుకోండి, మీ ఫోన్లో బటన్ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఆపాలి అన్నది గట్టు మీదున్న బోర్డే తన గడియారం చూసుకుని నిర్ణయించుకోవాలి, ఫోన్ చూసుకోవడానికి మాత్రమే. చేత్తో వేసే స్విచ్ ఎప్పుడూ తీయకండి. కరెంటు పోతే బోర్డు కూడా పోతుంది కాబట్టి, అలారానికి వేరే బ్యాటరీ, వేరే సిమ్ పెట్టండి. ఇన్ని ఉన్నా మనిషి ఉండాల్సిందే.

అపోహ: "డబ్బా గట్టిగా మూసి సిలికాన్ పూస్తే లోపలికి చెమ్మ రాదు."

వస్తుంది. ఎండకి లోపలి గాలి వేడెక్కి సందుల్లోంచి బయటికి పోతుంది, రాత్రి చల్లబడ్డాక తేమ గాలిని లోపలికి పీల్చుకుంటుంది, ఆ తేమ నీళ్లై బోర్డు మీద కూర్చుంటుంది. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి కొన్ని నెలల్లోనే టెర్మినళ్ల మీద పచ్చటి చిలుము పట్టిన బోర్డులు విప్పాను. తీగలన్నీ డబ్బా అడుగునుంచి ఎక్కించండి, అడుగునే చిన్న కన్నం పెట్టి దోమతెర ముక్క అంటించండి, లేకపోతే చీమలూ బల్లులూ చేరతాయి. బోర్డుకి కన్ఫార్మల్ కోటింగ్ (తేమ తగలకుండా పూసే పలుచటి పొర) స్ప్రే కొట్టండి, కనెక్టర్ల మీద మాత్రం పడనివ్వకండి.

అపోహ: "స్టెబిలైజర్ ఉంది, పిడుగు పడినా ఏమీ కాదు."

స్టెబిలైజర్ పని వోల్టేజీ సరిచేయడం, పిడుగుని ఆపడం కాదు. పైగా చాలాసార్లు దెబ్బ కరెంటు లైన్లోంచి రాదు, గట్టు మీద స్తంభానికున్న కెమెరా నుంచి ఇంటికి లాగిన ల్యాన్ కేబుల్లోంచి వస్తుంది, ఆ రాగి తీగే దారి. అసలు ల్యాన్ కేబుల్‌కి 100 మీటర్లే హద్దు. గట్టుకీ ఇంటికీ మధ్య ఫైబర్ వేసి రెండు చివర్లా మీడియా కన్వర్టర్ (ఫైబర్‌లోని వెలుగునీ ల్యాన్ సిగ్నల్‌నీ ఒకదాన్నొకటిగా మార్చే డబ్బా) పెట్టండి, గాజు పోగులో కరెంటు పారదు. ఒక్కటి చూసుకోండి, మనకి దొరికే డ్రాప్ కేబుల్లో (స్తంభం నుంచి ఇంటికి లాగే ఫైబర్ తీగలో) పోగుతో పాటు స్టీలు తీగ ఉంటుంది. దాన్ని ఇంట్లోకి తేకుండా గోడ బయటే కత్తిరించి, పోగుని మాత్రమే లోపలికి తీసుకోండి.