మనసు గాయపడిన పిల్లల గ్రూప్ హోమ్: అపోహలు - వాస్తవాలు

విశాఖలో మధురవాడ వైపు ఒక అద్దె ఇంట్లో ఎనిమిది మంది పిల్లలతో పనిచేస్తున్నాను. అందరూ బాలల సంక్షేమ కమిటీ (రక్షణ అవసరమైన పిల్లలు ఎక్కడ ఉండాలో నిర్ణయించే కమిటీ) ఉత్తర్వుతో వచ్చినవాళ్లే. పెద్ద హాస్టళ్లలో ఇమడలేకపోయారు. ఇరుగుపొరుగు, బంధువులు, ఒక్కోసారి టీచర్లు కూడా మమ్మల్ని అనే మాటలివి.

అపోహ: వీళ్లు ఏదో నేరం చేసి వచ్చినవాళ్లు.

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో దారులు రెండు. నేరారోపణ ఉన్న పిల్లలు జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళ్తారు. ఇంట్లో హింస పడినవాళ్లు, రైల్వే స్టేషన్‌లో ఒంటరిగా దొరికినవాళ్లు 24 గంటల్లోగా సంక్షేమ కమిటీ ముందుకు రావాలి. మా పిల్లలు ఈ రెండో దారిన వచ్చారు.

అపోహ: గట్టిగా ఉంటేనే దారికొస్తారు.

ఎక్కువగా వినేదీ, ఎక్కువ చేటు చేసేదీ ఈ మాటే. పన్నెండేళ్ల బాబొకడు వచ్చిన కొత్తలో దిండు కింద చపాతీలు దాచేవాడు. పక్కంతా చీమలు. అడిగితే "నేను కాదు" అనేవాడు. రోజుల తరబడి పస్తులున్న పిల్లవాడికి రేపు కూడా అన్నం ఉంటుందంటే నమ్మకం ఎలా కుదురుతుంది? ఇంట్లోనే ఉండి పిల్లల్ని చూసుకునే మా ఆంటీ ఒక్క మాట అనలేదు. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో మరమరాలు, వేరుశెనగ ఉండలు పోసి, "ఇది నీదే నాన్నా. అయిపోతే చెప్పు, మళ్లీ పోస్తాను" అంది. మొదటి వారమంతా సాయంత్రానికి డబ్బా ఖాళీ. రెండు నెలలకి సగం డబ్బా అలాగే మిగిలేది. చీమలు రావడం మానేశాయి.

కోపంలో కంచం విసిరేసే పిల్ల ఉంది. కోపం దిగేదాకా పక్కనే కూర్చుంటాం, గదిలో పెట్టి గడియ వేయం. తర్వాత మెతుకులు కలిసి ఎత్తుతాం. ఎవరి మీదా చెయ్యి చేసుకోకూడదన్న నియమం వాళ్లకీ మాకూ ఒకటే.

అపోహ: వారానికోసారి కౌన్సెలింగ్ ఇప్పిస్తే చాలు.

కౌన్సెలింగ్ కావాలి. అవసరమైతే చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకీ తీసుకెళ్తాం. కానీ రాత్రి రెండింటికి ఉలిక్కిపడి లేచినప్పుడు పక్కన ఉండేది ఆంటీయే. ఒక ఆంటీ పని మానేసిన నెలలో ముగ్గురు పిల్లలు మళ్లీ పక్క తడపడం మొదలుపెట్టారు. ఈ ఆంటీల జీతాలు పెంచమని నేను ప్రతి మీటింగ్‌లో అడిగేది అందుకే.

అపోహ: ఒకసారి చేరితే ఇక అక్కడే.

సంస్థలో ఉంచడం చట్టం దృష్టిలో ఆఖరి మార్గం. అమ్మమ్మో పిన్నో చూసుకోగలిగితే అక్కడికే పంపాలని చూస్తాం. అర్హత ఉంటే మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం స్పాన్సర్‌షిప్ కింద నెలకి 4,000 రూపాయలు అందుతాయి. వెళ్లే ఇల్లు లేనివాళ్లకి 18 నిండాక 21 ఏళ్ల వరకు ఆఫ్టర్ కేర్, అంటే హోమ్ వదిలాక సొంత కాళ్ల మీద నిలబడేదాకా ఇచ్చే ఆసరా, ఉంటుంది.

అపోహ: పుట్టినరోజుకి కేక్ తెచ్చి ఫొటోలు దిగితే పిల్లలు సంతోషిస్తారు.

ఫొటోలు దయచేసి వద్దు. వీళ్లెవరో తెలిసేలా ప్రచురిస్తే చట్టప్రకారం ఆరు నెలల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా పడవచ్చు. కేక్ కన్నా లెక్కలు చెప్పే మనిషి మాకు ఎక్కువ అవసరం. కమిట్ అయితే ప్రతి ఆదివారం రండి. రెండు వారాలు వచ్చి మానేసిన ఒక అన్నయ్య కోసం మా చిన్నది ఇప్పటికీ ఆదివారం పొద్దున్నే లెక్కల పుస్తకం పట్టుకుని గేటు దగ్గర నిలబడుతుంది.