మంచులో నడపడానికి ఏటీవీ కొంటున్నారా? ముందు ఈ అపోహలు వదలండి

చలికాలం దగ్గరపడిందంటే నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్ని సీసీలది తీసుకోమంటారు?" ఏటీవీలు, అంటే గతుకు నేల మీద నడిచే లావు టైర్ల నాలుగు చక్రాల బండ్లు, రిపేరు చేయడం, నడపడం నా పని కాబట్టి నేను ఎదురు ప్రశ్న వేస్తాను. మీరు తిరిగే చోట మంచు ఎంత లోతు పడుతుంది? పొడిమంచా, తడిమంచా, గట్టిపడి గాజులా మారిన గడ్డా? సీసీల కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇది.

అపోహ: ఇంజిన్ ఎంత పెద్దదైతే మంచులో అంత బాగా పోతుంది

బండి మంచులో ఇరుక్కునేది చాలాసార్లు శక్తి చాలక కాదు, పట్టు చాలక. పెద్ద ఇంజిన్‌తో పాటు బరువూ వస్తుంది. పనులకు వాడే ఫోర్ వీల్ డ్రైవ్ ఏటీవీలు చాలావరకు 300 కిలోల పైమాటే. దాని మీద మీరు, మీ సామాను. ఒకాయన కొత్త 1000 సీసీ బండిని తొడలోతు పొడిమంచులోకి దింపాడు. ఆగిపోగానే థ్రాటిల్ (బొటనవేలితో నొక్కే యాక్సిలరేటర్) ఇంకా గట్టిగా నొక్కాడు. నాలుగు చక్రాలూ నాలుగు గుంతలు తవ్వుకున్నాయి. నేను వెళ్లేసరికి బండి పొట్ట మంచు మీద ఆని ఉంది, చక్రాలు ఊరికే తిరుగుతున్నాయి. ఇద్దరం పారలు పట్టుకుని పొట్ట కింది మంచంతా తవ్వితే తప్ప అది కదల్లేదు.

అందుకే నేను సీసీ కన్నా గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి పొట్టకూ మధ్య ఎత్తు, ముందు చూడమంటాను. చాలా బండ్లకు అది 10 నుంచి 12 అంగుళాలు ఉంటుంది. మంచు అంతకు మించిందంటే బండి పొట్టతో దున్నుకుంటూ పోవాల్సిందే. మామూలు వాడకానికి 500 సీసీ ప్రాంతంలో లో గేర్ ఉన్న బండి చాలు. లో గేర్ ఎందుకంటే, ఈ బండ్లలో ఎక్కువ భాగం సీవీటీ బెల్టుతో (స్కూటర్లలో లాగా ఇంజిన్ శక్తిని చక్రాలకు అందించే రబ్బరు బెల్టు) నడుస్తాయి. లోతు మంచులో హై గేర్‌లో మెల్లగా నెట్టుకొస్తే బెల్టు జారి వేడెక్కుతుంది. కాలిన రబ్బరు వాసన మీ ముక్కుకు తగిలే సరికే దానికి దెబ్బ తగిలి ఉంటుంది.

అపోహ: ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే జారదు

కదలడానికి పనికొస్తుంది. ఆగడం మాత్రం టైరు పట్టు మీదే ఆధారపడుతుంది, నాలుగు చక్రాలు తోసినంత మాత్రాన గడ్డ మీద బ్రేకు బాగా పడదు. ఇంకో సంగతి, ముందు డిఫరెన్షియల్ (రెండు ముందు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టె) లాక్ కాని, అంటే ఆ రెండింటినీ కలిపి తిప్పలేని బండిలో ముందు చక్రం ఒకటి జారితే శక్తంతా దానికే పోతుంది, రెండోది చూస్తూ కూర్చుంటుంది. కొనేటప్పుడు "ముందు డిఫరెన్షియల్ లాక్ అవుతుందా? దానంతటదే అవుతుందా, స్విచ్ నొక్కాలా?" అని అడగండి. లాక్ వేసినప్పుడు హ్యాండిల్ బరువెక్కుతుంది, కాబట్టి మంచు కోసమైతే పవర్ స్టీరింగ్‌ను విలాసం అనుకోవద్దు.

అపోహ: వెడల్పు టైర్లు వేస్తే చాలు

ఇది సగం నిజం. లోతైన మంచులో వెడల్పు టైరు బరువును పరిచి బండిని తేలుస్తుంది. నాలుగైదు అంగుళాల మంచు కింద గట్టి నేల ఉంటే మాత్రం సన్నటి టైరే మంచును కోసుకుని నేలను పట్టుకుంటుంది. గడ్డ మీద ఈ రెండూ దండగే, అక్కడ స్టడ్లో (టైరుకు బిగించే లోహపు మేకులు) గొలుసులో కావాలి. గొలుసులు వేశాక సస్పెన్షన్ పూర్తిగా కిందికి నొక్కి, అవి ఎక్కడా తగలడం లేదని చూసుకోండి.

గాలి విషయంలో చాలామంది పొరపడతారు. ఏటీవీ టైర్లలో గాలి చాలా తక్కువ, తరచుగా 5 నుంచి 7 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత). షెడ్డులో 20 డిగ్రీల దగ్గర 6 పీఎస్‌ఐ పెట్టి, బయట మైనస్ 20కి తీసుకెళ్తే అది దాదాపు 3కి పడిపోతుంది. అంత తగ్గితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చు. గాలి బయటే, బండి చల్లారాకే, తక్కువ పీఎస్‌ఐ చూపే గేజీతో చూడండి.

అపోహ: ట్రాకులు బిగిస్తే అది స్నోమొబైల్ అయిపోతుంది

కాదు. ట్రాకులంటే చక్రాల బదులు బిగించే రబ్బరు పట్టాలు, స్నోమొబైల్ అంటే మంచు మీద నడవడానికే చేసిన బండి. ట్రాకులతో తేలడం బాగా పెరుగుతుంది, ఎత్తూ పెరుగుతుంది. వేగం తగ్గుతుంది, ఇంజిన్, బెల్టు, స్టీరింగ్ మీద భారం పెరుగుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. చిన్న ఇంజిన్‌కు ట్రాకులు తగిలించొద్దంటాను. పెద్ద సీసీ అక్కరకొచ్చే చోటు ఇదొకటి.

అపోహ: చలిలో ఇంజిన్ వేడెక్కదు

రేడియేటర్ నిండా మంచు మెత్తుకుంటే గాలి ఎక్కడి నుంచి వస్తుంది? బ్లేడుతో మంచు తోస్తూ మెల్లగా నడిచే బండిలో మైనస్ చలిలోనూ టెంపరేచర్ లైటు వెలుగుతుంది. రేడియేటర్ ముందు చేయి పెట్టి శుభ్రం చేయడానికి వీలున్న బండి చూసుకోండి. దీనికి ఉల్టా సమస్యా ఉంది. రోజూ అయిదు నిమిషాలే నడిపితే ఆయిల్ సరిగా వేడెక్కక తేమ చేరి పాలరంగుకు మారుతుంది.

బ్యాటరీ గురించి ఒక్క మాట. లిథియం బ్యాటరీ తేలిగ్గా ఉంటుంది, కానీ మామూలు రకాన్ని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు. కార్బ్యురేటర్ బండా, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండా అంటే చలిలో నా ఓటు ఇంజెక్షన్‌కే.

అపోహ: పాత బండైనా స్టార్ట్ అయితే చాలు

నా సొంత బండే నాకిది నేర్పింది. తడిమంచులో తిరిగొచ్చి, రాత్రంతా బయటే వదిలేశాను. థ్రాటిల్ కేబుల్‌లోకి చేరిన నీళ్లు గడ్డకట్టాయి. పొద్దున బొటనవేలు తీశాక కూడా ఇంజిన్ రేజింగ్ ఆగలేదు, కిల్ స్విచ్ నొక్కి ఆపాను. బండి అప్పటికే కంచె దాకా వెళ్లింది. ఇప్పుడు వాడిన బండి ఏది చూసినా ముందు ఇంజిన్ ఆపే ఉంచి థ్రాటిల్ పూర్తిగా నొక్కి వదులుతాను. టక్కున వెనక్కి రావాలి. హ్యాండిల్ ఒకవైపు పూర్తిగా తిప్పి ఒకసారి, రెండోవైపు తిప్పి ఇంకోసారి. మెల్లగా జారుతూ వస్తే కేబుల్ మార్చేదాకా ఎక్కను.