మాయా పాత్రల తగువు: 1971లో ఏం జరిగింది?

అమెరికాలోని మేరీల్యాండ్‌లో ఒకావిడ పాత సామాన్ల దుకాణంలో 3.99 డాలర్లు పెట్టి ఓ పాత్ర కొన్నారు. టూరిస్టులకు అమ్మే నకలు అనుకున్నారు. తీరా చూస్తే అది మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాల్లో వెలిసిన ప్రాచీన మాయా నాగరికత నాటి అసలైన పాత్ర. 2024లో ఆమె దాన్ని మెక్సికోకు అప్పగించడంతో, పారిస్‌లో ఇలాంటివాటిని వేలం వేసినప్పుడల్లా లేచే ప్రశ్న మళ్లీ లేచింది: ఇవి దేశం దాటి ఎలా పోయాయి?

దొంగతవ్వకాల్లో బయటికొచ్చిన పాత్రలను పండితులు చదవొచ్చా అన్న తగువు మొదలైంది 1971లో, న్యూయార్క్‌లో పుస్తకప్రియుల సంఘమైన గ్రోలియర్ క్లబ్‌లో. అక్కడ మాయా చరిత్ర పండితుడు మైకేల్ కో పెట్టిన ప్రదర్శనలో చాలా పాత్రలు ప్రైవేటు వ్యక్తుల దగ్గరవి. పాత్రల అంచు చుట్టూ ఉన్న గుర్తులు చదువురాని చిత్రకారులు అందానికి గీసినవని అంతకుముందు పండితులు కొట్టిపారేసేవారు. ఒకే గుర్తుల వరుస పాత్ర తర్వాత పాత్ర మీద వస్తోందని కో పట్టుకున్నారు. అది చావు మంత్రం కావచ్చనుకున్నారు. తర్వాతివాళ్లు చదివితే, ‘ఇది ఫలానావారు కకావ్ తాగే పాత్ర’ అని తేలింది. కకావ్ అంటే కోకో!

పనితనం చూస్తే వీటిని కొనేవారి మోజు అర్థమవుతుంది. కుమ్మరి సారె లేదు, గాజు పూత లేదు. చేత్తో చేసిన మట్టి పాత్ర మీద పలచటి రంగుమట్టితో బొమ్మ. మీగడ రంగు మీద సన్నగా మొదలై లావెక్కే నల్లగీత. కొందరు సంతకం కూడా చేశారు. వారిలో నరాన్హో అనే మాయా రాజ్యపు రాజవంశీకుడొకరు.

ఎలా వచ్చినా రాతను చదవకుండా వదలలేమన్నది కో వైపు వాదన. తవ్వకాల నిపుణుల కోపం వేరు: అచ్చులో కనిపించిన ప్రతి పాత్రా అలాంటివాటి ధర పెంచుతుందని. పైగా చదవాల్సింది రాత ఒక్కటే కాదు. బెలీజ్‌లోని బ్వేనావిస్టాలో పద్ధతిగా తవ్విన సమాధిలో ఓ యువకుడి దగ్గర ఒక పాత్ర దొరికింది. దాని మీద పేరు నరాన్హో రాజుది. అంటే రాజు పొరుగువారికి పంపిన కానుక అయ్యుండాలి. దొంగలు తవ్వి ఉంటే? రాజు పేరున్న అందమైన కప్పు, అంతే.

1972లో అమెరికా చట్టం చేసింది, కానీ రాతి శిల్పాలకూ గోడచిత్రాలకూ మాత్రమే. కుండలను వదిలేసింది. 1988లో బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియానికి దానంగా వచ్చిన మాయా పాత్రలను తర్వాత గ్వాటెమాలా తిరిగి అడగాల్సి వచ్చింది. గ్వాటెమాలాలోని పెతెన్ ప్రాంతపు పాత్రల దిగుమతికి అమెరికా అడ్డుకట్ట వేసింది 1991లో. గ్రోలియర్ ప్రదర్శన జరిగి అప్పటికి 20 ఏళ్లు.