మంద వేరు చేయి, మకాం మార్చు

జబ్బు చేసిన పశువును వెంటనే మంద నుంచి తప్పించాలి. మేస్తే గడ్డి, తాగితే ఊట, కట్టేస్తే గాడి, అది ముట్టిందల్లా చెడిపోతుంది. చచ్చిన పశువును పొలిమేర దాటించి బాగా లోతుగా పూడ్చాలి. లేకపోతే రోగం అన్నిటికీ పాకుతుంది, యజమాని నిర్లక్ష్యాన్ని మూర్ఖులు దేవుడి కోపం కింద జమ కడతారు.

పశువైద్యం మీద రాసిన పుస్తకంలో ఇంచుమించు ఇలా అన్నవాడు వెజీషియస్ అనే రోమన్. కాలం క్రీ.శ. 4వ శతాబ్దం చివరికీ 5వ శతాబ్దం నడుమకీ మధ్య. ఆ చివరి మాట నాకు మరీ ఇష్టం. సూక్ష్మజీవి అంటే ఏమిటో తెలియని రోజుల్లో, పశువులకు తెగులొస్తే అమ్మవారి ఆగ్రహం అనుకోవద్దు, నీ కొట్టం చూసుకో అన్నాడు. ఈ మాటను పశువైద్య విద్యార్థులకు మొదటి రోజే చెప్పాలి.

ఆయన 'మల్లియస్' అన్న జబ్బులో ఏడు రకాలున్నాయి. ముక్కు నుంచి చిక్కటి రసి కారే రకం, చర్మం మీద గడ్డలు లేచే రకం, ఈ రెండూ ఇవాళ మనం గ్లాండర్స్ అంటున్న గుర్రాల జబ్బుకు బాగా దగ్గర. దాని బాక్టీరియా బుర్ఖోల్డేరియా మాలై. 1882లో లోఫ్లర్, షూట్జ్ అనే జర్మన్లు దాన్ని వేరుచేశారు.

వెజీషియస్ చెప్పిన కారణం సగం తప్పు. రోగి పశువు వాసనే మిగతావాటిని చంపుతుందనుకున్నాడు. అయినా చిట్కా పనిచేసింది. ఎందుకు పనిచేసిందన్న దానికి జవాబు ఆ బాక్టీరియాలోనే ఉంది. దీని దగ్గరి చుట్టం బుర్ఖోల్డేరియా సూడోమాలై మట్టిలో, నీళ్లలో హాయిగా బతుకుతుంది. దక్షిణ భారతంలో వరి పొలాల మట్టిలోనూ దొరికింది. దాని జన్యుపటంలో దాదాపు 72 లక్షల డీఎన్ఏ అక్షరాలుంటే, మాలైలో 58 లక్షలే. జంతువుల ఒంట్లోనే కాపురం పెట్టాక, బయట బతకడానికి కావలసిన జన్యువులను చాలావరకు పోగొట్టుకుంది. ఎండ తగిలినా, తడి ఆరినా చస్తుంది. అందుకే అది ఒక గుర్రం నుంచి ఇంకో గుర్రానికి చేరాలంటే ఎక్కువగా రసి పడిన తొట్టి, గాడి ఉండాలి. జబ్బు గుర్రాన్ని వాటి నుంచి వేరు చేస్తే బాక్టీరియాకు దారి లేదు. సూడోమాలై విషయంలో ఇదే పని చేసి ఉంటే ఫలితం సున్నా, ఎందుకంటే అది కాళ్ల కింద నేలలోనే ఉంటుంది.

ఆయనే సైన్యం గురించి ఇంకో పుస్తకం రాశాడు. వేసవిలో, ఆ తర్వాతి నెలల్లో సైన్యం ఒకేచోట ఎక్కువకాలం దిగితే నీళ్లు, గాలి చెడి ఘోరమైన రోగం పుడుతుంది, తరచూ మకాం మార్చడం తప్ప దానికి మందు లేదు అన్నాడు. లెక్క అదే. వేలమంది మలం నేలలోకి, అక్కడి నుంచి తాగే నీళ్లలోకి, మళ్లీ కడుపులోకి. పశువును నీళ్ల నుంచి తప్పించడం ఒక పద్ధతి, మనుషులే నీళ్లను వదిలి వెళ్లడం ఇంకో పద్ధతి.

రెండు చోట్లా ఒకటే లొసుగు ఉంది. రోగం మోస్తూ పైకి శుభ్రంగా కనిపించేవాళ్లు కూడా వెంటే వస్తారు. టైఫాయిడ్ అలాంటిదే. గ్లాండర్స్ గుర్రం నెలల తరబడి మామూలుగా మేస్తూ, పని చేస్తూ రోగాన్ని పంచగలదు. కంటితో చూసి వేరుచేసే ఏ పద్ధతికీ అది దొరకదు. 1890 ప్రాంతంలో మాలిన్ పరీక్ష వచ్చాకే అది పట్టుబడింది. ఆ బాక్టీరియా నుంచి తీసిన సారాన్ని గుర్రం కనురెప్పలోకి ఎక్కిస్తారు. రోగం ఉంటే ఒకటి రెండు రోజుల్లో రెప్ప ఉబ్బి కన్ను కారుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ గూఢచారులు ఇదే బాక్టీరియాను పెంచి, యూరప్‌కు ఓడలెక్కబోయే గుర్రాలకు, కంచరగాడిదలకు ఎక్కించడానికి 1915 నుంచి అమెరికాలో పనిచేశారు. సైన్యాలు ఇంకా గుర్రాల మీదే నడుస్తున్న రోజులవి. మన దేశంలో గ్లాండర్స్ ఇప్పటికీ అప్పుడప్పుడు బయటపడుతుంది. ఇప్పుడు రక్తపరీక్షతో పట్టుకుంటారు, ఆ చుట్టుపక్కల గుర్రాల రాకపోకలు ఆపేస్తారు.