బ్యాడ్జీ లెక్కలు, మరణాల లెక్కలు

అణు కర్మాగారంలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషికి క్యాన్సర్ వచ్చిందనుకోండి. అది అక్కడి రేడియేషన్ వల్లే వచ్చిందా? ఒక్క మనిషిని చూసి కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. ఆ కణితికీ, మామూలుగా వచ్చే కణితికీ తేడా కనిపెట్టే పరీక్ష డాక్టర్ల దగ్గర లేదు. లక్షల మంది రికార్డులు ఒకచోట చేర్చి, దశాబ్దాల పాటు చూస్తే తప్ప ఏమీ తేలదు.

అలా చూసేటప్పుడు ముందే ఒక చిక్కు వస్తుంది. అణు కార్మికులను బయటి జనంతో పోలిస్తే వీళ్లలోనే మరణాలు తక్కువగా కనిపిస్తాయి. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడే వైద్య పరీక్షలు చేస్తారు, జబ్బు మనిషిని గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు. లోపలికి వచ్చినవాళ్లకు నెలనెలా జీతం, మంచి వైద్యం. ఈ అంకె చూపించి ‘మా దగ్గర ఎవరికీ ఏమీ కాలేదు’ అనడం చాలా తేలిక. అందుకే ఎక్కువ డోస్, అంటే ఒంట్లోకి చేరిన రేడియేషన్ మోతాదు, పడ్డ కార్మికులను తక్కువ పడ్డ తోటి కార్మికులతోనే పోల్చాలి. ఎవరికి ఎంత పడిందో చెప్పేది వాళ్లు తగిలించుకున్న, రేడియేషన్‌ను కొలిచే బ్యాడ్జీ. మన ఆసుపత్రుల్లో ఎక్స్‌రే తీసేవాళ్ల జేబుకు ఉండే టీఎల్‌డీ బ్యాడ్జీ కూడా ఆ జాతిదే.

నాగసాకి బాంబుకు ప్లుటోనియం తయారుచేసిన హాన్‌ఫర్డ్ అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంది. అక్కడి కార్మికుల ఆరోగ్యాన్ని పరిశీలించే పనిని 1964లో ఆ ప్లాంటును నడిపే ప్రభుత్వ సంస్థ అణుశక్తి కమిషన్ థామస్ మాన్‌కూసో అనే వైద్యుడికి అప్పగించింది. ప్రమాదమేమీ లేదని తొందరగా ప్రకటించమని తర్వాత ఒత్తిడి వచ్చినా ఆయన ఒప్పుకోలేదు. చివరికి ఆయన కాంట్రాక్టు పోయింది. గర్భిణులకు తీసే ఎక్స్‌రేలకూ పిల్లల క్యాన్సర్‌కూ సంబంధం ఉందని అంతకుముందే చూపిన ఆలిస్ స్టూవర్ట్, గణాంక నిపుణుడు జార్జ్ నీల్‌లతో కలిసి మాన్‌కూసో 1977లో ఫలితాలు ప్రచురించారు. తక్కువ డోసులకూ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని వాటి సారాంశం. వాళ్ల లెక్కల పద్ధతిపై గట్టి విమర్శలొచ్చాయి, అందులో కొన్ని సబబే. అయినా, ప్లాంటు నడిపేవాళ్ల చేతిలోనే పరిశోధన డబ్బు కూడా ఉండకూడదన్న సంగతి ఈ గొడవతో అందరికీ అర్థమైంది. 1990లో అమెరికా ప్రభుత్వం ఇలాంటి అధ్యయనాలను అప్పటికి ఆ ప్లాంట్లను చూస్తున్న ఇంధన శాఖ నుంచి ఆరోగ్య శాఖకు మార్చింది.

ఇప్పుడు మన చేతిలో ఉన్న పెద్ద లెక్క, అణు కార్మికులపై జరిగిన ఇన్‌వర్క్స్ అనే అధ్యయనం. ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికాల నుంచి 3,09,932 మంది కార్మికులు, సగటున ఒక్కొక్కరిపై దాదాపు 35 ఏళ్ల పరిశీలన. 2023లో వచ్చిన ఫలితాల ప్రకారం ఒక గ్రే డోస్‌కు రక్త క్యాన్సర్లు కాని ఇతర క్యాన్సర్ల మరణాల రేటు 52 శాతం పెరుగుతుంది. వినగానే గుండె ఝల్లుమంటుంది గానీ, ఒంట్లోకి చేరిన రేడియేషన్‌ను కొలిచే ఈ గ్రే చాలా పెద్ద కొలత. ఈ కార్మికులకు సర్వీసు మొత్తంలో పడింది సగటున 18 మిల్లీగ్రేలు, అంటే గ్రేలో యాభయ్యో వంతు కూడా లేదు. ఆ లెక్కన పెరుగుదల దాదాపు ఒక్క శాతం. వెయ్యి మందిలో 270 మంది ఎలాగూ క్యాన్సర్‌తో పోతారనుకుంటే, ఆ సంఖ్య 273 దాకా వెళ్తుంది. ఆ ముగ్గురు కంటికి ఆనాలంటే మూడు లక్షల మంది కావలసి వచ్చారు.

మరి సిగరెట్ల సంగతేమిటని మీరు అడగవచ్చు. ఎవరు ఎన్ని కాల్చారో రికార్డుల్లో లేదు. పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను పక్కనపెట్టి మళ్లీ లెక్కగట్టారు. ఫలితం పెద్దగా మారలేదు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది పాత బ్యాడ్జీల వ్యవహారం. తొలి రోజుల్లో బ్యాడ్జీ పట్టుకోలేనంత చిన్న డోసులను చాలాచోట్ల సున్నా అనే రాసేవారు. అలాంటి సున్నాలు ఎన్ని ఉంటే ఆ కాలపు లెక్క అంత అనుమానంగా ఉంటుంది. కొలతలు మెరుగుపడ్డాక చేరినవాళ్లను మాత్రమే తీసుకుంటే, గ్రేకు ఇంత అని చెప్పే ప్రమాదం తగ్గలేదు సరికదా, ఇంకా ఎక్కువగా వచ్చింది. ఎందుకో అన్నదానిపై వాదనలు నడుస్తూనే ఉన్నాయి.

2023 నాటికి లెక్కలోకి వచ్చిన మరణాలు 1,03,553. అంటే మొత్తంలో మూడో వంతు. మిగతావాళ్లలో ఎక్కువమంది తర్వాతి తరంవాళ్లే, సరిగ్గా కొలిచిన డోసులున్నదీ వాళ్లకే. అసలు జవాబు వాళ్ల రికార్డుల్లో ఉంది, వాటి కోసం ఇంకో ఇరవై, ముప్ఫై ఏళ్లు ఆగాలి.